ముప్పైమూడు కేవీల పశ్చాత్తాపం

గెడ్డవలస విద్యుత్ సెక్షన్ ఆఫీసుకు ఆ సర్క్యులర్ ఒక సోమవారం ఉదయం వచ్చింది. సోమవారం వచ్చేవి మామూలుగా తీగల మీదికి వాలిన కొమ్మలు నరకడం గురించో, మీటర్లకు సీళ్లు వేయడం గురించో ఉంటాయి కాబట్టి గుమస్తా దాలినాయుడు దాన్ని చదవకుండానే గోడ మేకుకు గుచ్చబోయాడు. కానీ అది పద్నాలుగు పేజీలుంది. మేకు దిగలేదు. అందుచేత చదవాల్సి వచ్చింది.

సంగతేమిటంటే, సంస్థ పెద్దలు సముద్రం ఒడ్డున ఏదో అతిథిగృహంలో మూడు రోజులు శిక్షణ పొందారు. అక్కడ ఒకావిడ వాళ్లను చాపల మీద గుండ్రంగా కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని మీ లోపల ఏముందో చూసుకోండి అంది. ముప్పయ్యేళ్లుగా ఫైళ్లలోకి తప్ప మరెక్కడికీ చూడనివాళ్లు ఒక్కసారిగా లోపలికి చూసుకునేసరికి ఇద్దరు ఏడ్చారట. ఒకాయన చిన్నప్పుడు చచ్చిపోయిన కుక్కపిల్లను పేరు పెట్టి పిలిచాడట. తన మనసులో ఏముందో మనిషి తాను తెలుసుకోవాలి, ఎదుటివాడు తన మనసు భయం లేకుండా చెప్పుకునేట్టు మసలుకోవాలి, అన్నది ఆవిడ చెప్పిన మాట. మంచి మాటే. వంక పెట్టడానికేం లేదు. అయితే మంచి మాట సంస్థలోకి వచ్చాక అమలు చేసే విభాగం ఒకటి కావాలి కదా. సిబ్బంది విభాగం బదిలీల్లో తలమునకలుగా ఉంది. సరుకుల విభాగం ట్రాన్స్‌ఫార్మర్ నూనె లెక్కల్లో మునిగి ఉంది. ఆ ఏడు ప్రమాదాలు తగ్గిన పుణ్యాన భద్రతా విభాగమే కాస్త తీరిగ్గా కనిపించింది. దాని నెత్తిన పెట్టారు.

భద్రతా విభాగానికి తెలిసిన ప్రమాదం ఒక్కటే, కరెంటు. తెలిసిన మందూ ఒక్కటే, లైన్ క్లియర్. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్‌లో ఉన్న ఆపరేటర్‌కు చెప్పి ఆ లైనుకు కరెంటు ఆపించుకుంటాడు. దాన్నే లైన్ క్లియర్, పొట్టిగా ఎల్‌సీ, అంటారు. పనయ్యాక దిగి, మనిషి దిగాడని చెప్పి ఎల్‌సీ తిరిగి ఇచ్చేస్తాడు. అప్పుడుగానీ ఆపరేటర్ స్విచ్చి మీద చెయ్యి వేయడు. ఈ పద్ధతి వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ప్రాణాలు నిలబెట్టిన పద్ధతి మనసులను నిలబెట్టదా అని భద్రతా విభాగం తర్కించింది. తర్కంలో తప్పు పట్టడం ఎవరివల్లా కాలేదు.

సర్క్యులర్ ప్రకారం భావాలు మూడు తరగతులు. చిరాకు, విసుగు, ఆకలిమీదున్నప్పటి కసురు, ఇవి లో-టెన్షన్. చెప్పులు తొడుక్కుని ఎవరైనా ముట్టుకోవచ్చు. కోపం, అసూయ, అభిమానం పదకొండు కేవీ, అంటే పదకొండు వేల వోల్టులు. దుఃఖం, ప్రేమ, పశ్చాత్తాపం ముప్పైమూడు కేవీ. పదకొండు, ఆపైన ఏ భావాన్ని ఇంకొకరి ముందు బయటికి తీయాలన్నా 'భావ లైన్ క్లియర్' ఫారం మూడు ప్రతుల్లో నింపాలి. తెల్లప్రతి చెప్పేవారికి, గులాబీప్రతి వినేవారికి, పసుపుప్రతి ఫైలుకు. లైన్‌మన్ హోదావారికి పదకొండు కేవీ వరకే అర్హత. అంటే ఇరవైతొమ్మిదేళ్ల సర్వీసున్న లైన్‌మన్ కూడా కోప్పడవచ్చుగానీ, దుఃఖపడాలంటే అసిస్టెంట్ ఇంజనీరు దగ్గరుండాలి.

"మరి ఇంటికాడో?" అని అడిగాడు లైన్‌మన్ సూరప్పడు. ఆ ఇరవైతొమ్మిదేళ్ల సర్వీసు అతనిదే. నెలాఖరుకు రిటైరవుతున్నాడు.

"తొమ్మిదో క్లాజు. సంబంధము అనగా గృహసంబంధము కూడా" అని చదివాడు దాలినాయుడు.

"ఓలమ్మ! మా అచ్చియ్యమ్మ సేత ఫారం నింపించాలా?"

ఎవరూ నవ్వలేదు. నవ్వు ఏ తరగతిలోకి వస్తుందో సర్క్యులర్‌లో లేదు.

వారం తిరక్కుండా డివిజన్ భద్రతాధికారి విశ్వపతి గారు స్వయంగా వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చున్నా హెల్మెట్ తీయని మనిషి. ఎవరి మీదా గొంతు పెంచి ఎరుగడు. సాటి మనిషికి కీడు జరక్కూడదన్న తాపత్రయం ఆయనకు నిజంగానే ఉంది, అదే అందరి ప్రాణం మీదికీ వచ్చింది. "భావప్రమాదములన్నియు నివారింపదగినవే అని విభాగము దృఢముగా అభిప్రాయపడుచున్నది" అని మొదలుపెట్టి గంటసేపు మాట్లాడారు. తర్వాత జీపులోంచి అట్టపెట్టె దింపించారు. అందులో పుర్రె, రెండెముకల గుర్తున్న ఎర్ర డేంజర్ బోర్డులు ఉన్నాయి. పదకొండు కేవీలో ఉన్న ఉద్యోగి బోర్డు మెళ్లో వేసుకోవాలి. బోర్డు ఉన్నవారి దగ్గరికి మూడు గజాల లోపు ఎవరూ వెళ్లకూడదు.

మొదటి రోజు బోర్డు వేసుకున్నవాడు దాలినాయుడు. ఆ రోజు అతని బల్ల దగ్గరికి ఒక్క కాగితం రాలేదు, ఒక్క వినియోగదారుడు రాలేదు. సాయంత్రం దాకా వేరుశనక్కాయలు ఒలుచుకు తిన్నాడు. మర్నాటికి ఆఫీసులో నలుగురికి కోపం వచ్చింది. శుక్రవారానికి బోర్డులు చాలలేదు. శనివారం బోర్డు దొరకలేదని ఒకతనికి నిజంగానే కోపం వచ్చి, బోర్డు లేకుండా కోప్పడినందుకు సంజాయిషీ ఇచ్చుకున్నాడు.

ఇంతవరకూ సూరప్పడికి ఇదంతా తమాషాగానే ఉంది. ఫారంలో నాలుగో కాలమ్ దగ్గరికి వచ్చేసరికి తమాషా ఆగిపోయింది.

ప్రతి ఉద్యోగీ రోజూ ఉదయం తనకున్న పెద్ద భావాన్ని ప్రకటించాలి. నాలుగో కాలమ్, భావం పేరు. ఐదు, వోల్టేజి. ఆరు, సప్లై ఎక్కడినుంచి. సూరప్పడు మొదట "బాగానే ఉన్నాను" అని రాశాడు. బాగు అనేది ఆమోదిత జాబితాలోని ఇరవైఏడు భావాల్లో లేదని వెనక్కి వచ్చింది. సరేనని "కోపం" అని రాశాడు, "పదకొండు" అని వేశాడు, ఆరో కాలమ్ ఖాళీగా వదిలేశాడు.

విశ్వపతి గారు ఆ కాగితం పట్టుకుని వచ్చారు. "సూరప్పడు గారూ, మూలము తెలియని సప్లై అక్రమ కనెక్షన్ క్రిందికి వచ్చును. విజిలెన్స్ వారికి తెలియజేయవలసి యుండును."

కొక్కేలు తగిలించి కరెంటు లాగేవాళ్లను పాతికేళ్లుగా పట్టుకుంటున్న సూరప్పడికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. పౌరుషంకొద్దీ కలం లాక్కుని రాసేశాడు. "ఆపరేటర్ జోగారావు నుంచి."

ఆఫీసు మొత్తం తలెత్తి చూసింది.

జోగారావు అక్కడికి రెండు ఫర్లాంగుల్లోని సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్. సూరప్పడు పైకెక్కడం, జోగారావు కింద స్విచ్చి కాయడం, ఇరవైరెండేళ్లు ఇద్దరూ ఇలాగే బతికారు. వాళ్లకు వాళ్లదే ఒక గుర్తుమాట ఉండేది. ఫోన్‌లో ఎల్‌సీ తిరిగిచ్చేటప్పుడు ఎవడో వేరేవాడు గొంతు మార్చి చెప్పకుండా, "నెత్తళ్ల పులుసు" అనాలి. ఆ మాట వినపడితేనే స్విచ్చి. వాళ్లు మొట్టమొదట ఒకే క్యారియర్‌లోంచి తిన్న చేపల కూర అది.

ఎనిమిది నెలల కిందట జీడితోట ఊరికి కరెంటు మోసే ఫీడర్ లైను మీద సూరప్పడు పని పూర్తిచేసి దిగాడు. ఫోన్ చేసి, "నెత్తళ్ల పులుసు. మనిషి దిగినాడు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక తలెత్తి చూస్తే, కొత్తగా ఇచ్చిన కటింగ్ ప్లయర్ పైన అడ్డకమ్మీకే వేలాడుతోంది. అర నిమిషం పని కదా అని ఎక్కేశాడు. చెయ్యి తీగకు జానెడు దూరంలో ఉండగా తీగ గుయ్యిమంది. బెదిరి కిందపడ్డాడు. మణికట్టు విరిగింది. ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చిన జోగారావును చూసి, నలుగురూ వింటుండగా, "ఒరే జోగీ, నా సేతి కూడు తిని నన్ను సంపీసీదామనుకున్నావేట్రా?" అన్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఈ మాట ఆసుపత్రి దాటేలోపే డివిజన్ ఆఫీసు చేరి, విచారణ అయి కూర్చుంది.

విచారణలో జోగారావు, సూరప్పడు ఎల్‌సీ తిరిగిచ్చాడని చెప్పలేదు. చెబితే రిటైర్మెంటు ముంగిట సూరప్పడు సస్పెండవుతాడు. "గొంతు సరిగా పోల్చుకోలేదండి, తొందరపడ్డాను" అన్నాడు. అతనికి మెమో ఇచ్చారు. ఆ మెమో తీసుకున్న నాటినుంచి జోగారావు సూరప్పడితో మాట్లాడటం మానేశాడు. పైకి మాత్రం సూరప్పడే అలిగినట్టు కనిపించేది, సూరప్పడు తనే అలా కనిపించేట్టు చూసుకున్నాడు కాబట్టి. అప్పటినుంచి ఎల్‌సీలు ఉత్త నంబర్లతో జరుగుతున్నాయి. గుర్తుమాట పోయింది.

ఇప్పుడు విశ్వపతి గారు సప్లై తనిఖీకి సబ్‌స్టేషన్‌కు వెళ్లారు. పావుగంటలో తిరిగొచ్చి నివేదిక చదివారు. "జోగారావు గారి వైపున సూరప్పడు గారి మీద ఎట్టి కోపమును లేదని తేలినది. మూడు పర్యాయములు ప్రశ్నించితిని. అచటి లైను డెడ్. కాబట్టి సూరప్పడు గారి కోపము బయటినుండి వచ్చుట లేదు. ఇది వారి సొంత జనరేటర్ అయి యుండవలెను."

నవ్వాల్సిన మాటే. మిగతావాళ్లు నవ్వారు కూడా. సూరప్పడు మాత్రం గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ బయటికి వచ్చేశాడు.

మధ్యాహ్నం ఇంటికి వెళ్లాడు. అచ్చియ్యమ్మ అన్నం వడ్డించింది. మగవాళ్లు మాటలు మానేసినా ఆడవాళ్లు మానలేదు. జోగారావు పెళ్లాం సన్యాసమ్మ పంపిన ఎండునెత్తళ్లు బుట్టలో ఉన్నాయి. బుట్ట అడుగున గులాబీరంగు భావ ఫారాలు పరిచి ఉన్నాయి.

"అవి ఆఫీసు కాగితాలే" అన్నాడు సూరప్పడు.

"ఉంటే? చేపలకి సీమలు పట్టకుండా ఉన్నాయి. దేనికో దానికి పనికొచ్చినాయి గదా. నా ఇంట్లో నాకు కోపం రావాలంటే మీ ఆఫీసోడు సంతకం ఎట్టాలేటి?" అంది అచ్చియ్యమ్మ. అతను ముద్ద కలిపి కెలుకుతూ కూర్చోవడం చూసి గొంతు తగ్గించింది. "ఎనిమిది నెల్లయి సూత్తన్నాను. జోగిబావు ఊసొత్తే నీకు మెతుకు దిగదు. కోపమొచ్చినోడు కసిగా రెండు ముద్దలెక్కువ తింతాడు. నువ్వు తినట్నేదు. ఇది కోపం కాదు."

"మరేటి?"

"నాకేటి తెలుసు? నీ కడుపులో ఉన్నాది. నువ్వే సూసుకో."

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని సూరప్పడు ఎనిమిది నెలలుగా ఆ పని మానుకున్నాడు. ఇప్పుడు చూసుకున్నాడు. తీగ గుయ్యిమన్నప్పుడు తనకు వచ్చింది భయం. ఆ భయాన్ని ఆసుపత్రిలో కోపమని జోగి మీదికి విసిరాడు. విచారణలో జోగి నోరు మూసుకున్నాక ఆ కోపం కూడా పోయింది. పోయిన చోట సిగ్గు మిగిలింది. దాని మీద కోపం ముసుగు వేసుకుని తిరుగుతున్నాడు. సముద్రం ఒడ్డున చాపల మీద కూర్చున్న పెద్దలకు మూడు రోజులు పట్టిన పని ఇతనికి చల్లారిన అన్నం ముందు అయిపోయింది. ఇందులో ఆరో కాలమ్ పాలు ఎంతో కొంత ఉందని ఒప్పుకోవాలి.

ముప్పైఒకటో తారీఖు లోపల జోగితో మాట్లాడాలి, మాట్లాడకుండా ఈ యూనిఫాం విప్పితే ఆ మాట జన్మలో పెగలదు, అని నిశ్చయించుకున్నాడు. తిన్నగా సబ్‌స్టేషన్‌కు నడిచి ఉంటే కథ అక్కడే అయిపోయేది. కానీ అతను ఇరవైతొమ్మిదేళ్లు ఎల్‌సీ లేకుండా స్తంభం ముట్టుకోని మనిషి, ఆ ఒక్క రోజు తప్ప. ఆ ఒక్క రోజు ఏమైందో చూశాడు. కాబట్టి ఫారం నింపాడు. భావం: పశ్చాత్తాపం. వినేవారు: జోగారావు.

అసిస్టెంట్ ఇంజనీరు హేమలత ఆ ఫారం చూసి, "సూరప్పడు గారూ, మీరు ఊరికే వెళ్లి మాట్లాడెయ్యకూడదా?" అంది. ఉద్యోగంలో చేరి మూడేళ్లయిన పిల్ల, ఇంకా ఇలాంటి మాటలు వస్తున్నాయి.

"రూలుంది గదండీ మేడమ్ గారూ. తప్పుదారిన ఓపాలి ఎక్కినాను. మళ్లీ ఎక్కను."

ఫారం పైకి వెళ్లింది. మర్నాడే కొర్రీతో తిరిగొచ్చింది. పశ్చాత్తాపం ముప్పైమూడు కేవీ. దరఖాస్తుదారుకు అర్హత పదకొండు; అసిస్టెంట్ ఇంజనీరు దగ్గరుండే సదుపాయం దుఃఖానికి మాత్రమే. కాబట్టి పశ్చాత్తాపాన్ని తగ్గించి పంపాలి. పెద్ద కరెంటును ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి తగ్గించినట్టు, 'క్షమించు' అన్న మాటను 'చింతిస్తున్నాను'గా తగ్గించారు. డివిజన్ ఆఫీసులో అది 'చింతించడమైనది' అయింది. ఆపై ఆఫీసులో ఇన్సులేషన్ చాలదని మరో పొర వేశారు. చివరికి మంజూరై వచ్చిన వాక్యం ఇది: "గతములో ఒక సందర్భమున ఒక వ్యక్తికి కలిగియుండవచ్చునని భావింపబడుచున్న అసౌకర్యమునకు సంబంధిత వ్యక్తి తరఫున చింతించడమైనది."

"ఇందులో నానెక్కడున్నాను?" అన్నాడు సూరప్పడు.

"సంబంధిత వ్యక్తి మీరే" అని ఓపిగ్గా చెప్పారు విశ్వపతి గారు. "ఇంత మందపు ఇన్సులేషన్ ఉన్న వాక్యము మన డివిజన్‌లో మరొకటి లేదు. దీనిని ఎవరు తాకినను షాకు కొట్టదు."

ఇంకో కొర్రీ మిగిలింది. పశ్చాత్తాపం వినేటప్పుడు ఆపరేటర్ చేతులు వణికితే, పక్కనే ఉన్న ప్యానెల్ మీద పొరపాటున చెయ్యి పడవచ్చు. కాబట్టి ఆ సమయంలో సబ్‌స్టేషన్ మొత్తానికి సరఫరా ఆపాలి. ఆపాలంటే ప్రజలకు ముందుగా తెలపాలి. ఆ విధంగా ఇరవైతొమ్మిదో తారీఖు ఉదయం పదకొండు గ్రామాల్లో ఆటోకు మైకు కట్టి చాటించారు. "భావ నిర్వహణ పనుల నిమిత్తం తొమ్మిది నుంచి పదకొండు గంటల వరకు విద్యుత్ సరఫరా ఉండదు. వినియోగదారులు సహకరించగలరు."

వినియోగదారులు సహకరించడానికి స్వయంగా వచ్చారు. పిండి మర ఆడించేవాళ్లు, టిఫిన్ కొట్టు గ్రైండర్ ఆగిపోయిన ఆమె, పొలం మోటారు ఆగిన రైతులు, అరవై మంది దాకా సబ్‌స్టేషన్ కంచె చుట్టూ నిలబడ్డారు.

"ఏటవుతున్నాది లోపట?" అని అడిగాడొక ముసలి రైతు.

"ఒకాయన ఇంకొకాయనకి తప్పయిపోయిందని సెప్తాడట."

"దానికి మోటారెందుకు ఆపీడం?"

"గట్టిగా సెప్తాడేమో."

లోపల గచ్చు మీద సున్నంతో మూడు గజాల దూరం గీశారు. సూరప్పడు, జోగారావు ఆ గీతలకు అటూ ఇటూ రబ్బరు చాపల మీద నిలబడ్డారు. ఇద్దరికీ హెల్మెట్లు, మోచేతుల దాకా రబ్బరు తొడుగులు. ఎవరికైనా కన్నీళ్లు వస్తే పీల్చడానికి ఇసుక బకెట్టు. విశ్వపతి గారు ఈల నోట్లో పెట్టుకుని, గడియారం చూసుకుని, ఈల ఊదారు.

సూరప్పడు కాగితం పైకెత్తి చదివాడు. "గతములో ఒక సందర్భమున ఒక వ్యక్తికి..." చదువుతూ చదువుతూ తలెత్తి జోగారావు ముఖం చూశాడు. ఎనిమిది నెలల తర్వాత ఎదురుగా చూడటం అదే మొదలు. కణతల దగ్గర నెరిసిపోయింది. సూరప్పడికి చదువుతున్న వరుస తప్పిపోయి, రబ్బరు వేలితో వెతుక్కున్నాడు. ఎలాగో చివరికంటా చదివాడు.

జోగారావు గులాబీప్రతి మీద సంతకం పెట్టాలి. కలం అందించారు. అతను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎవలు రాసినారండీ?"

"విభాగము."

"అయితే విభాగాన్నే వచ్చి సెప్పమనండి. ఆయన ఇంత సక్కగా మాటాడ్డు. ఆయన గొంతు నాకు తెలుసు" అన్నాడు జోగారావు. తొడుగులు విప్పి, ముడిచి, బల్ల మీద పెట్టి, రిజిస్టర్ ముందు కూర్చున్నాడు.

గొంతు పోల్చుకోలేదని విచారణలో చెప్పిన మనిషి అన్న మాట అది. అందులో ఏముందో ఆ గదిలో సూరప్పడికి ఒక్కడికే అర్థమైంది. పసుపుప్రతి మీద విశ్వపతి గారు "ట్రిప్ అయినది. కారణము తెలియరాలేదు" అని రాసుకున్నారు. పాపం, ఆయన ముఖం చూస్తే నిజంగానే బాధపడ్డట్టుంది. బాధ ముప్పైమూడు కేవీ కాబట్టి ఫారం లేకుండా పైకి చెప్పలేకపోయారు.

ముప్పైఒకటో తారీఖు ఉదయం సూరప్పడు హేమలత బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. సొంత చేత్తో రాసింది. "ఆ దినం నేను ఎల్‌సీ రిటన్ చేసి మళ్లీ ఎక్కినాను. జోగారావు తప్పు లేదు. నన్నేం చేసినా సరే." అంతే ఉంది.

ఆమె రెండుసార్లు చదివింది. "ఇవాళే రిటైరవుతున్నారు. ఇది ఇస్తే ఏమవుతుందో తెలుసా మీకు?"

"తెలుసండి. అయినా ఇత్తన్నాను."

ఆమె ఇంకేదో అనబోతుండగా ఫోన్ మోగింది. జీడితోట ఫీడర్ మీద తీగను మోసే పింగాణీ ఇన్సులేటర్ పగిలింది, రెండు ఊళ్లకు కరెంటు లేదు. సాయంత్రం సన్మానం ఉన్న మనిషిని పంపడం బాగోదని ఆమె వేరేవాళ్ల కోసం చూసింది. సూరప్పడు అప్పటికే తాడు భుజాన వేసుకున్నాడు.

అదే స్తంభం కాదుగానీ, దానికి రెండో స్తంభం. నంబరు చెప్పి ఎల్‌సీ తీసుకున్నాడు. జోగారావు నంబరు తిరిగి చెప్పి ఫోన్ పెట్టేశాడు. సూరప్పడు తీగలో మిగిలిన కరెంటు నేలలోకి దిగిపోయేట్టు ఎర్త్ రాడ్ వేశాడు, ఎక్కాడు, ఇన్సులేటర్ మార్చాడు. పదకొండూ పదికి దిగాడు. పనిముట్లు లెక్కపెట్టుకున్నాడు, ప్లయర్ నడుముకే ఉంది. రాడ్ తీసేశాడు. జీడిచెట్టు నీడలో నిలబడి ఫోన్ చేశాడు.

"సబ్‌స్టేషన్."

"నాను."

"ఎల్‌సీ నంబరు సెప్పండి. మనిషి దిగినాడా?"

సూరప్పడు తలెత్తి స్తంభం పైకి చూశాడు.

"దిగినేదు."

అవతల కుర్చీ చప్పుడైంది. "అదేటి? పైనుండి ఫోనేటి?"

"కాదురా జోగీ. ఆ వేళ ఎక్కినోడిని. ఇంకా దిగినేదు."

జోగారావు ఫోన్ పెట్టేయలేదు. సూరప్పడు చెప్పాడు. ప్లయర్ గురించి చెప్పాడు. అర నిమిషం కదా అనుకున్నానన్నాడు. తీగ గుయ్యిమంటే పంచె తడిసినంత పనయిందని, ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని ఆసుపత్రిలో నీ మీద అరిచానని చెప్పాడు. "విచారణలో నువ్వు నోరు మూసుకున్నావు. నానూ మూసుకున్నాను. నీది మంచితనంరా, నాది పిరికితనం. నా వల్ల నీ సర్వీసు పుస్తకంలో మచ్చడ్డాది. తప్పయిపోయిందిరా" అన్నాడు. చెట్టు కింద నిలబడి, అరవయ్యేళ్ల మనిషి, చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. ఇసుక బకెట్టు దగ్గర్లో లేదు.

జోగారావు అందుకున్నాడు. "మెమో ఊసు కాదురా. మెమో ఎవుడికి కావాలి? ఆసుపత్రిలో అందరి ముందరా నన్ను హంతకుడన్నావు. పోనీ భయంలో అన్నాడు, రేపొచ్చి మాటాడతాడులే అనుకున్నాను. ఎనిమిది నెల్లు రేపు రేపే అయిపోనాది. రోజూ నీ ఎల్‌సీ ఇచ్చినప్పుడల్లా నా సెయ్యి వణుకుతాదిరా. ఆ సంగతి నాను ఎవలికి సెప్పుకోను?"

"నాకు సెప్పు."

జోగారావు చెప్పాడు. సూరప్పడు విన్నాడు. మధ్యలో అడ్డం రాలేదు, నాది కూడా విను అనలేదు. అవి అన్నీ ఇక్కడ రాయడం మర్యాద కాదు. రెండు ఊళ్లలో ఫ్యాన్లు ఆగి ఉన్నాయి, టిఫిన్ కొట్టామె గ్రైండర్ ముందు నడుం మీద చేతులు పెట్టుకుని ఉంది.

"గుర్తుమాట?" అన్నాడు చివరికి జోగారావు.

"నెత్తళ్ల పులుసు."

"మనిషి దిగినాడా?"

"దిగినాడు."

"మళ్లీ ఎక్కడు గదా?"

సూరప్పడికి ఏడుస్తూనే నవ్వొచ్చింది. "ఎక్కడురా. సాయంత్రం అయిదుకి రిటైరు."

"సరే. ఏత్తన్నాను."

కరెంటు వచ్చింది. జీడితోటలో ఎవరింట్లోనో టీవీ గట్టిగా అరిచింది.

సూరప్పడి ఉత్తరం నియమం ప్రకారం పైకి వెళ్లి, నియమం ప్రకారమే తిరిగొచ్చింది. అందులో ముప్పైమూడు కేవీ భావం ఎలాంటి ఇన్సులేషనూ లేకుండా ఉన్నదనీ, అర్హత లేని వ్యక్తి రాసినది కనుక అందనట్టే భావించడమైనదనీ రాశారు. అందని ఉత్తరం మీద ఎవరినీ సస్పెండ్ చేయలేరు. హేమలత మాత్రం దాని నకలు జతచేసి, జోగారావు మెమో రద్దు చేయమని సిఫారసు పంపింది. అది వెళ్లిన రోజున పై అధికారి డేంజర్ బోర్డు వేసుకుని ఉండటంతో ఎవరూ దగ్గరికి వెళ్లి చర్చించలేదు. సంతకం అయిపోయింది, మెమో రద్దయింది.

కానీ విశ్వపతి గారి కన్ను రిజిస్టర్ మీద పడకుండా పోదు కదా. పదిహేను రోజుల తర్వాత జోగారావుకు కొత్త మెమో వచ్చింది. జీడితోట ఫీడరు నందు పని 11.10కి పూర్తి అయినట్లును, సరఫరా 11.29కి పునరుద్ధరింపబడినట్లును నమోదై యున్నది. సదరు పంతొమ్మిది నిమిషములు సరఫరా ఎందుకు ఇవ్వలేదో, లైను మీద ఎవరు ఉండిరో మూడు దినములలోగా తెలుపవలెను.

మెమో వచ్చేసరికి జోగారావు సబ్‌స్టేషన్ మెట్ల మీద అన్నం తింటున్నాడు. క్యారియర్ సూరప్పడు తెచ్చింది. రిటైరైన మనిషికి సబ్‌స్టేషన్‌లో ఏం పనని అడిగేవాళ్లు లేరు. జోగారావు ఎడం చేత్తో కాగితం అందుకుని చదివి, పక్కకు తిప్పి సూరప్పడికి చూపించాడు.

"ఏటి రాత్తావు?" అన్నాడు సూరప్పడు.

జోగారావు చెయ్యి కడుక్కుని, కలం తీసి, అక్కడికక్కడే సమాధానం రాశాడు.

"అయ్యా, ఆ పంతొమ్మిది నిమిషాలూ లైను మీద మనిషి ఉన్నాడు. దిగాక వేశాను."